రెండు కంప్యూటర్లు, ఒక వైరు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ నుంచి కబురు వచ్చినప్పుడు, కష్టపడి చదవండి, లక్ష్యం పెట్టుకోండి అని నాలుగు మంచి మాటలు రాద్దామనుకున్నాను. కానీ ఆ మాటలు మీరు ప్రతి ఏడాదీ వింటూనే ఉన్నారు. నేనూ ఆ బెంచీల మీద కూర్చుని విన్నాను. అందుకని ఈసారి ఒక పని గురించి రాస్తున్నాను. మా ఇంట్లో రెండు కంప్యూటర్లను ఒక వైరుతో కలపడానికి మాకు మూడు రోజులు పట్టింది. ఏ రోజు ఏం జరిగిందో వరుసగా చెబుతాను. కంప్యూటర్ల మీద ఆసక్తి ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ పద్ధతి పనికొస్తుంది. ఆసక్తి లేనివాళ్లకు కూడా ఇందులో ఒక మాట దొరుకుతుందని నా నమ్మకం.

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది రామచంద్రపురం దగ్గర ఒక పల్లెటూరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రామచంద్రపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వచ్చింది. నాన్న కూలి పనికి వెళ్తాడు, ఒక ఎకరం కౌలుకు చేస్తాడు. అమ్మదీ కూలి పనే. ఆరు నుంచి పది దాకా నేను ఈ హాస్టల్లోనే ఉన్నాను. డిగ్రీ రామచంద్రపురంలో చదివాను. ఎమ్మెస్సీ గణితం రాజమహేంద్రవరంలో, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలో చేశాను. అమ్మ వైపు, నాన్న వైపు కలిపి చూసినా డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే.

ఇంట్లో మొదటి డిగ్రీ అంటే ఏమిటో ఈ సంచిక చదివే చాలామందికి చెప్పక్కర్లేదు. బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే మన దగ్గరికే తెస్తారు. రేషన్ కార్డులో పేరు తప్పు పడితే మన దగ్గరికే వస్తారు. డాక్టరు చీటీ చదవాలన్నా, టీవీలో బొమ్మ రాకపోయినా, గ్యాస్ బుకింగ్ కుదరకపోయినా "నువ్వు చదువుకున్నావుగా అమ్మా" అంటారు. నేను చదివింది లెక్కలని, టీవీ గురించి కాదని ఎన్నిసార్లు చెప్పినా ఊళ్లో వాళ్ల లెక్కలో పీజీ అంటే అన్నీ వచ్చినట్టే. పని అయితే "చూశావా, చదువంటే అదీ" అంటారు. కాకపోతే "ఇంత చదివి ఏం లాభం" అంటారు. ఆ రెండో మాట నన్నొక్కదాన్నే అన్నది కాదు. పక్కింటి ఆడపిల్లని పై చదువుకు పంపాలా వద్దా అనేది కూడా ఆ మాట మీదే తేలుతుంది. అందుకే ఇలాంటి చిన్న పనులు కూడా మనకు చిన్నవిగా ఉండవు.

ఇక అసలు విషయం. కరోనా రోజుల్లో, 2021లో, ఆన్‌లైన్ క్లాసుల కోసం నాన్న అప్పు చేసి ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ కొన్నాడు. నా డిగ్రీ అంతా దాని మీదే నడిచింది. పీజీలో చేరాక ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ వచ్చింది. డెస్క్‌టాప్ ఇంట్లో తమ్ముడికి మిగిలింది. వాడు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా వైపు కోతకు వచ్చిన సార్వా చేలు పడుకుండిపోయాయి. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి, చివరికి నిలకడగా వచ్చాక చూస్తే డెస్క్‌టాప్ ఆన్ అయింది గానీ పెన్‌డ్రైవ్ పెట్టే యూఎస్‌బీ రంధ్రాలు ఒక్కటీ పనిచేయలేదు. అదృష్టం కొద్దీ కీబోర్డు, మౌసు పాత కాలపు గుండ్రటి పిన్నులవి కాబట్టి అవి ఆడుతున్నాయి. సీడీ డ్రైవ్ ఎప్పుడో పోయింది. ఆ కంప్యూటర్‌కు వైఫై లేదు. మా ఇంటికి నెట్ కనెక్షనూ లేదు. మధ్యమధ్యలో హార్డ్ డిస్క్ టకటకమని కొట్టుకుంటోంది. కంప్యూటర్లతో పరిచయం ఉన్నవాళ్లకు ఆ చప్పుడు అంటే ఏమిటో తెలుసు. దానికి ఎక్కువ రోజులు లేవు.

అందులో మాకు కావలసినవి మూడు ఉన్నాయి. ఒకటి, నేను సెలవుల్లో మన హాస్టల్ పిల్లల కోసం తెలుగులో టైపు చేస్తూ వచ్చిన పదో తరగతి లెక్కల నోట్స్. రెండు, ఇంట్లో అందరి సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు. మూడోది మా నాయనమ్మ గొంతు. 2023 సంక్రాంతికి తమ్ముడు సెల్‌ఫోన్‌లో ఆమె చేత నాట్లప్పుడు పాడే పాటలు 14 పాడించి రికార్డు చేశాడు. ఆ ఫోను తర్వాత కాలవలో పడిపోయింది. 2024లో నాయనమ్మ కూడా పోయింది. ఆ పాటలు ఉన్న చోటు ఇక ఆ డెస్క్‌టాప్ ఒక్కటే.

టౌనులో ఒక షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందని, డిస్క్ తీసి అందులోవి బయటకు లాగడానికి రెండు వేలవుతుందని, వస్తాయని గ్యారంటీ లేదని చెప్పారు. అంటే నాన్నకు మూడు నాలుగు రోజుల కూలి. తుఫాను తర్వాత పొలం పరిస్థితి తెలిసి ఆ డబ్బు అడగబుద్ధి కాలేదు. డెస్క్‌టాప్ వెనక లాన్ వైరు పెట్టే రంధ్రం ఒకటి ఉంది. నా లాప్‌టాప్‌కూ ఉంది. మధ్యలో ఏ పెట్టె లేకుండా ఆ రెంటినీ ఒకే వైరుతో నేరుగా కలిపితే, ఇందులోవి అందులోకి వస్తాయి. యూనివర్సిటీ ల్యాబ్‌లో అలా చేయగా చూశాను. ఊళ్లో కేబుల్ కనెక్షన్లు ఇచ్చే కుర్రాణ్ని అడిగితే, మిగిలిపోయిన పది మీటర్ల ముక్క ఒకటి ఊరికే ఇచ్చాడు.

వైరు రెండు వైపులా పెట్టాం. ఏమీ జరగలేదు.

మొదటి రోజు సాయంత్రం దాకా తమ్ముడు, నేను ఆ రెండు కంప్యూటర్ల ముందే కూర్చున్నాం. ఆపి, మళ్లీ ఆన్ చేశాం. వైరు పీకి, మళ్లీ పెట్టాం. "అక్కా, పోర్టు కూడా కాలిపోయి ఉంటది, వదిలెయ్" అన్నాడు వాడు. ఆ మాట వెనకే ఇంకో మాట కూడా అన్నాడు: "నువ్వు ఎమ్మెస్సీ చేసి ఇది చేయలేకపోతే నేను డిగ్రీలో చేరి ఏం చెయ్యాల?" ఎగతాళికి అన్నది కాదు. ఇంటర్ అయ్యాక హైదరాబాద్ వెళ్లి ఏదో పనిలో చేరతానని వాడు అప్పటికే రెండు నెలలుగా అంటున్నాడు.

నాన్న అరుగు మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. నాన్నకు కంప్యూటర్ తెలియదు. కానీ మా పొలం కాలవకు చిట్టచివర ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి మన తూర్పు డెల్టా అంతా కాలవ నీటి మీదే బతుకుతోంది. కానీ దాళ్వా వచ్చిందంటే శివారు చేలకు నీళ్లు అందడం ఏటా ఒక పెద్ద పనే. నాన్న అడిగాడు: "చేలో నిలబడి నీళ్లు రాలేదు, నీళ్లు రాలేదు అంటే వత్తాయేంటమ్మాయ్? బోదె గట్టెక్కి పైకి నడవాల. ఎక్కడిదాకా నీళ్లున్నాయి, ఎక్కడి నుంచి లేవు, అది చూడాల. ఆ రెంటికీ మధ్యలోనే ఉంటది అడ్డు."

ఎమ్మెస్సీలో మాకు న్యూమరికల్ ఎనాలిసిస్ అని ఒక పేపరు ఉంది. అందులో ఒక సమీకరణానికి సమాధానం ఎక్కడుందో తెలియనప్పుడు, ఉందని తెలిసిన హద్దును సగం చేసి, ఏ సగంలో ఉందో చూసి, దాన్ని మళ్లీ సగం చేసే పద్ధతి ఒకటి చెబుతారు. దాన్ని బైసెక్షన్ అంటారు. నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పద్ధతి, నాన్న ముప్పై ఏళ్లుగా కాలవ గట్టు మీద నడిచి చేస్తున్న పని ఒకటేనని ఆ సాయంత్రం అర్థమైంది.

అందుకని కంప్యూటర్ల ముందు కూర్చోవడం మానేసి గట్టెక్కాం. రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే దారిలో వరుసగా నాలుగు చోట్లు ఉంటాయి. మొదటిది వైరు. రెండోది అడ్రసు. మూడోది తలుపు. నాలుగోది అనుమతి. కింది మెట్టు సరిగా ఉందని తేలేదాకా పై మెట్టు జోలికి పోకూడదు. ఒకసారి ఒక్కదాన్నే మార్చాలి. రెండు కలిపి మారిస్తే, పని జరిగినా ఏది మార్చడం వల్ల జరిగిందో తెలియదు.

రెండో రోజు పొద్దున్నే వైరుతో మొదలుపెట్టాం. లాన్ పోర్టు పక్కన చిన్న లైటు ఉంటుంది. వైరు రెండు చివర్లా పెట్టి, రెండు కంప్యూటర్లూ ఆన్‌లో ఉంటే అది వెలగాలి. మాకు రెండు వైపులా వెలగలేదు. అంటే పోర్టు పోయిందా, వైరు పోయిందా? కేబుల్ కుర్రాడి దగ్గర టెస్టర్ ఉంది. చేతిలో పట్టేంత రెండు డబ్బాలు. వైరు ఒక చివర ఒక డబ్బాకు, రెండో చివర ఇంకో డబ్బాకు పెడితే 1 నుంచి 8 దాకా లైట్లు వరుసగా వెలుగుతాయి. ఎందుకంటే ఆ వైరు లోపల ఎనిమిది సన్నటి తీగలు ఉంటాయి. మా వైరు పెడితే 1, 2 వెలిగాయి. 3 వెలగలేదు. 4 నుంచి 8 దాకా వెలిగాయి.

ఎనిమిదిలో ఒక్కటి పోతే ఏమవుతుందని తమ్ముడు అడిగాడు. 100 ఎంబీపీఎస్ వేగంతో నడిచే నెట్‌వర్క్ వాడుకునేది ఎనిమిదిలో నాలుగు తీగలే. అవి 1, 2, 3, 6. పంపడానికి ఒక జత, అందుకోవడానికి ఒక జత. అందులో 3 తెగితే ఒక జత మొత్తం పోయినట్టే. పోర్టు కాలిపోయిందనే మాట అప్పటిదాకా ఒక అనుమానం. 3 వెలగలేదనేది కళ్లతో చూసిన నిజం. ముందు చూసినదాన్ని బాగుచేయాలి.

కుర్రాడు ఒక చివర కత్తిరించి కొత్త కనెక్టర్ బిగించాడు. టెస్టర్ పెడితే 3 ఇంకా వెలగలేదు. రెండో చివర కూడా కత్తిరించాడు. తీగల రంగుల వరుస తమ్ముడు ఎక్కం అప్పజెప్పినట్టు చదువుతుంటే ఆ కుర్రాడు సర్దాడు: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఈసారి ఎనిమిదీ వెలిగాయి. ఇంటికి తెచ్చి పెడితే రెండు పోర్టుల దగ్గరా లైటు వచ్చింది. పోర్టు కాలిపోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పాత పుస్తకాలు చూస్తే, రెండు కంప్యూటర్లను నేరుగా కలపడానికి క్రాస్‌ఓవర్ కేబుల్ అనే వేరే రకం వైరు కావాలని ఉంటుంది. అందులో ఒక చివర 1, 2 తీగలను రెండో చివర 3, 6 స్థానాల్లో పెడతారు. ఒకరి నోరు ఇంకొకరి చెవికి ఎదురుగా రావడానికి ఆ ఏర్పాటు. ఇప్పటి లాప్‌టాప్‌లలో పోర్టే దాన్ని గుర్తుపట్టి సర్దుకుంటుంది. రెంటిలో ఒక్కదానికి ఆ గుణం ఉన్నా చాలు, మామూలు వైరు సరిపోతుంది. బాగా పాత కంప్యూటర్లు రెండు కలిపేవాళ్లు మాత్రం ఇది గుర్తుంచుకోండి.

రెండో మెట్టు అడ్రసు. ప్రతి కంప్యూటర్‌కు ఐపీ అడ్రసు అని ఒక నంబరు ఉండాలి. ఇంట్లో రౌటర్ ఉంటే అదే పంచిపెడుతుంది. మాకు రౌటర్ లేదు. అప్పుడు విండోస్ తనంతట తానే 169.254తో మొదలయ్యే ఒక అడ్రసు వేసుకుంటుంది. మీకు ఎప్పుడైనా ఆ నంబరు కనిపిస్తే, "నాకు అడ్రసు ఇచ్చేవాళ్లు ఎవరూ కనబడలేదు" అని కంప్యూటర్ చెబుతోందని అర్థం. ఆ అడ్రసులతో కూడా రెండూ మాట్లాడుకోగలవు. కానీ నంబరు మనం ఎంచుకున్నది కాదు, మారిపోవచ్చు. అందుకని డెస్క్‌టాప్‌కు 192.168.10.1 అని, లాప్‌టాప్‌కు 192.168.10.2 అని మేమే రాశాం. రెంటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. మొదటి మూడు భాగాలు వీధి పేరు అనుకోండి, చివరిది ఇంటి నంబరు. వీధి ఒకటే ఉండాలి, ఇంటి నంబరు వేరుగా ఉండాలి.

192.168తో మొదలయ్యే అడ్రసులను ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికే ప్రత్యేకించారని 1996లో వచ్చిన ఇంటర్‌నెట్ నియమాల్లో ఉంది. అందుకే ప్రపంచంలో కోట్ల ఇళ్లలో అవే నంబర్లు ఉంటాయి. మన జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా రామాలయం వీధి ఉంటుంది. ఆ ఊరి పోస్ట్‌మాన్‌కు తికమక ఉండదు. ఇదీ అంతే.

తర్వాత పింగ్. కమాండ్ విండో తెరిచి, పింగ్ అని ఇంగ్లిషులో కొట్టి, పక్కన అవతలి అడ్రసు వేస్తే, మన కంప్యూటర్ ఒక చిన్న పలకరింపు పంపుతుంది. అవతలిది "ఆఁ, ఉన్నాను" అంటుంది. ఈ ప్రోగ్రామ్‌ను మైక్ మ్యూస్ అనే ఆయన 1983 డిసెంబరులో అమెరికాలో రాశాడు. జలాంతర్గాములు సముద్రంలో శబ్దం పంపి, ప్రతిధ్వని వినే పద్ధతిని బట్టి ఆ పేరు పెట్టాడు. నలభై ఏళ్లు దాటినా నెట్‌వర్క్ పని చేసేవాళ్లు మొదట చేసేది ఇదే.

డెస్క్‌టాప్ నుంచి లాప్‌టాప్‌కు పింగ్ చేస్తే జవాబు వచ్చింది. తమ్ముడు ఎగిరి గంతేశాడు. లాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌కు చేస్తే నాలుగుసార్లూ టైమ్ అవుట్. మాకు కావలసింది డెస్క్‌టాప్‌లోకి వెళ్లడం. అదే కుదరడం లేదు. వాడి ముఖం మళ్లీ వాడిపోయింది.

ఆ రాత్రి వాడికి ఒక నిజం కథ చెప్పాను. ఇప్పుడు మనం వాడే ఇంటర్‌నెట్‌కు మూలమైన అర్పానెట్ కూడా మొదలైంది రెండు కంప్యూటర్లతోనే. 1969 అక్టోబరు 29 రాత్రి అమెరికాలో లాస్ ఏంజెలిస్ యూనివర్సిటీలో ఒక కంప్యూటర్, దాదాపు 560 కిలోమీటర్ల దూరంలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఇంకొకటి. చార్లీ క్లైన్ అనే విద్యార్థి ఇటు నుంచి లాగిన్ అనే మాట పంపడానికి కూర్చున్నాడు. అవతలి ఊళ్లో మనిషి ఫోనులో ఉన్నాడు. ఎల్ కొట్టి "వచ్చిందా" అని అడిగాడు. వచ్చిందన్నారు. ఓ కొట్టాడు. వచ్చిందన్నారు. మూడో అక్షరం కొట్టగానే అవతలి కంప్యూటర్ కుప్పకూలింది. ప్రపంచంలో ఆ నెట్‌వర్క్ మీద వెళ్లిన మొదటి సందేశం రెండక్షరాలే. వాళ్లు దాన్ని వదిలేయలేదు. ఎక్కడిదాకా వెళ్లిందో తెలుసు కాబట్టి, ఎక్కడ ఆగిందో వెతికారు. గంట తర్వాత పూర్తి మాట వెళ్లింది. "మనకు అంతకంటే ఎక్కువే వెళ్లింది కదా" అన్నాను. వాడు నవ్వాడు.

మూడో రోజు పొద్దున వాడే నాన్నకు చెప్పాడు: "అటు నుంచి అడిగితే జవాబు వత్తోంది నాన్నా, ఇటు నుంచి అడిగితే రావట్లేదు." నాన్న చద్దన్నం తింటూ ఒక్క క్షణం ఆలోచించి, "అడిగిన మాట పోయి, జవాబు తిరిగి వచ్చిందంటే కాలవ రెండు పక్కలా పారతన్నట్టేగా. కాలవ బాగానే ఉంది. తూము మూసుంది" అన్నాడు.

సరిగ్గా అదే. జవాబు తిరిగి వచ్చిందంటే వైరు రెండు దిక్కులా పనిచేస్తోంది, అడ్రసులు సరిగానే ఉన్నాయి. మిగిలింది డెస్క్‌టాప్ వాకిలి. దాన్ని ఫైర్‌వాల్ అంటారు. విండోస్ తనకు తెలియని నెట్‌వర్క్ ఏది కనిపించినా, అది బస్టాండు లాంటి బహిరంగ స్థలం అనుకుని, పబ్లిక్ అని ముద్ర వేసి, బయటి నుంచి వచ్చే పలకరింపులను లోపలికి రానివ్వదు. రౌటర్ లేకుండా నేరుగా కలిపిన రెండు కంప్యూటర్లకు ఇది మామూలుగా ఎదురయ్యే అడ్డంకే. నా లాప్‌టాప్‌లో ల్యాబ్ పని కోసం ఫైల్ షేరింగ్ అనుమతి అప్పటికే ఇచ్చి ఉంది కాబట్టి అది జవాబిచ్చింది. డెస్క్‌టాప్‌లో లేదు.

తమ్ముడు ఫైర్‌వాల్ మొత్తం ఆపేద్దామన్నాడు. చాలామంది చేసేది అదే. కానీ తలుపు తీయడానికి గోడ కూల్చక్కర్లేదు. ఫైర్‌వాల్ సెట్టింగుల్లో, అనుమతించిన ప్రోగ్రాముల జాబితాలో, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ అని ఒక వరుస ఉంటుంది. దానికి ఎదురుగా పబ్లిక్ గడిలో టిక్ పెట్టాం. ఇంట్లో నెట్ లేదు, ఉన్నవి రెండే కంప్యూటర్లు కాబట్టి భయం లేదు. పని అయ్యాక ఆ టిక్ తీసేశాం. మీరు చేసినా తీసేయడం మరిచిపోవద్దు. పింగ్ ఈసారి రెండు వైపులా వచ్చింది.

నాలుగో మెట్టు అనుమతి. కావలసిన ఫోల్డర్ మీద డెస్క్‌టాప్‌లో షేర్ అని పెట్టాం. లాప్‌టాప్‌లో ఆ అడ్రసు కొడితే యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగింది. డెస్క్‌టాప్‌కు పాస్‌వర్డ్ అంటూ ఎప్పుడూ లేదు. ఖాళీగా వదిలి ఎంటర్ కొడితే ఒప్పుకోలేదు. పాస్‌వర్డ్ లేని ఖాతాతో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిని విండోస్ రానిస్తుంది గానీ, నెట్‌వర్క్ మీద నుంచి వచ్చినవాళ్లను రానివ్వదు. ఇది చెడిపోవడం కాదు, కాపలా. డెస్క్‌టాప్‌లో ఒక పాస్‌వర్డ్ పెట్టాం. లాప్‌టాప్‌లో అదే కొట్టాం. ఫోల్డర్ తెరుచుకుంది.

మొదట నాయనమ్మ పాటలు. డిస్క్ ఎప్పుడు ఆగిపోతుందో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు మళ్లీ దొరకనిదాన్ని ముందు తీసుకోవాలి. 14 పాటలూ నిమిషం లోపే వచ్చేశాయి. తర్వాత సర్టిఫికెట్లు, ఆ తర్వాత నోట్స్, చివర మిగిలినవన్నీ. మొత్తం 38 జీబీకి గంట పట్టింది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లకు మించదు. మాకు పదకొండు దాకా వచ్చింది. ఈ లెక్క తమ్ముడే వేశాడు. వచ్చినవన్నీ ఆ రోజే పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ తీశాం. ఒక్క చోటే ఉన్నది ఉన్నట్టు కాదని మాకు అప్పటికి బాగా తెలిసింది.

తమ్ముడు ఒక పాట పెట్టాడు. పెరట్లో గిన్నెలు తోముతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. "గట్టిగా పెట్టరా" అంది. అంతే, ఇంకేం అనలేదు. నాన్న రెండో పాట దాకా ఉండి, కొడవలి తీసుకుని పడిపోయిన చేను కోయడానికి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే డెస్క్‌టాప్ డిస్క్ ఆగిపోయింది.

ఇప్పుడు నేను చెబుతానన్న మాట. మన హాస్టల్ పిల్లల్లో ఒక అలవాటు ఉంది. నాలోనూ ఉండేది. ఏదైనా పని కాకపోతే వెంటనే "నాకు రాదు" అనుకుంటాం. వేరే ఇళ్లలో పిల్లాడికి లెక్క రాకపోతే ట్యూషన్ మాస్టారు సరిగా చెప్పలేదంటారు. మన ఇళ్లలో చదువు మనతోనే మొదలు కాబట్టి, లెక్క రాకపోతే చదువే మనది కాదనుకుంటాం. మన వెనక ఎవరూ లేరు కాబట్టి ప్రతి చిన్న అడ్డంకీ మన తెలివి మీద తీర్పులా కనబడుతుంది. కానీ మూడో తీగ తెగినప్పుడు అది మా తెలివి గురించి ఏమీ చెప్పలేదు. అది తెగిందంతే. దానికి ఒక చోటు ఉంది. ఆ చోటు దొరికింది. పది రూపాయల కనెక్టర్లతో పోయింది.

పీజీ అయ్యాక సాయంత్రాలు ఊళ్లో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. తొమ్మిది పూర్తయిన ఒక అమ్మాయి తనకు లెక్కలు రావని ఏడ్చింది. వర్గ సమీకరణాలు రావడం లేదు. గట్టెక్కి వెనక్కి నడిచాం. సమీకరణం రాయడం వచ్చు. సూత్రం వచ్చు. కారణాంకాలుగా విడగొట్టేటప్పుడు తప్పుతోంది. ఇంకా వెనక్కి వెళ్తే, రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణించే చోట ఆగింది. అది ఏడో తరగతి పాఠం. ఆ పాఠం చెప్పిన వారంలో ఆమె బడిలో లేదు, వాళ్లమ్మతో నాట్లకు వెళ్లింది. రెండేళ్లుగా ఆ పిల్ల తనకు తెలివి లేదనుకుంటోంది. పోయింది ఒక్క వారం. రెండు సాయంత్రాల్లో అది సరిపోయింది.

స్కాలర్‌షిప్ డబ్బులు పడలేదన్నా ఇంతే. "పడలేదు" అని కూర్చుంటే పడవు. దరఖాస్తు కాలేజీ దాకా వెళ్లిందా? కాలేజీలో ధృవీకరించారా? మంజూరు అయిందా? మంజూరైతే, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందా? రెండు ఖాతాలుంటే ఏ ఖాతాకు అయింది? ఒక్కో చోటా కాగితం మీద టిక్ పెట్టుకుంటూ పోతే, టిక్ పడని మొదటి చోటే మీరు వెళ్లవలసిన కిటికీ. "నాకు రాలేదండీ" అని అడిగేవాళ్లకు "రేపు రండి" అని జవాబు వస్తుంది. "ఇక్కడిదాకా అయింది, ఇక్కడ ఆగింది" అని కాగితం చూపించేవాళ్లకు అంత తేలికగా ఆ జవాబు చెప్పలేరు.

మన కోనసీమలోనే సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో 2016 డిసెంబరులో ఫైబర్‌నెట్ కింద ఇళ్లకు ఇంటర్‌నెట్ ఇచ్చారు. ఊళ్లకు తీగలు వస్తున్నాయి, ఇంకా వస్తాయి. కానీ తీగ గుమ్మం దాకా వచ్చాక చివరి పది మీటర్లు మనవే. అక్కడ ఆగితే చూసుకునే మనిషి ప్రతి వీధిలో ఒకరు ఉండాలి. ఆ మనిషి ఇంజనీరే కానక్కర్లేదు. వరుసగా అడగడం తెలిస్తే చాలు. మా వీధిలో ఇప్పుడు ఆ పని నాది కాదు, మా తమ్ముడిది. ఎవరింట్లో టీవీ రాకపోయినా వాడు మొదట అడిగేది "లైటు వెలుగుతోందా?" అని. హైదరాబాద్ మాట ఇంకా పూర్తిగా మానలేదు గానీ, డిగ్రీలో ఏ గ్రూపులు ఉన్నాయని మాత్రం అడిగాడు.

చివరగా, పదో తరగతి లెక్కల నోట్స్ ప్రింటు తీయించి ఈ సంచికతో పాటు హాస్టల్‌కు పంపుతున్నాను. పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని చదవండి. ఏదైనా లెక్క అర్థం కాకపోతే "అక్కా, అర్థం కాలేదు" అని మాత్రం రాయకండి. ఏ పేజీ, ఏ లెక్క, ఎన్నో వరుస దాకా అర్థమైంది, ఏ వరుస దగ్గర ఆగింది, అది రాసి పంపండి. అక్కడి నుంచి కలిసి నడుద్దాం.